నిద్ర గదిలో సాంచె చప్పుడు

జిల్లా శిశు విద్యా శిక్షణాధికారి గారి సముఖమునకు,

మార్కండేయవాడ పిల్లల కేంద్రంలో అప్రెంటిస్ టీచరుగా పని నేర్చుకొనుచుండిన ఆడెపు శ్యాంసుందర్, తండ్రి లక్ష్మీరాజం, వ్రాసుకొను మనవి.

విషయం: పిల్లలు పండుకునే వేళ ఇనుప సందూకపై కర్రతో కొట్టితినను కారణముచే నన్ను పిల్లల గదిలోనికి రానీయరాదని ఇచ్చిన ఉత్తర్వును రద్దుచేసి, వచ్చే బుధవారం జరుగు ప్రయోగ పరీక్షకు అనుమతించుట గురించి.

సూచిక: తమ కార్యాలయపు మెమో. దాని నంబరు ఉన్నచోట మా ఆయమ్మ దేవవ్వ చాయ్ గ్లాసు పెట్టినందున అంకెలు కనబడుటలేదు. మన్నించవలెను.

అయ్యా,

కలెక్టరాఫీసు ముందర అర్జీలు రాసే హనుమండ్లు గారు ఈ అర్జీని తామే రాసి ఇస్తామని కూర్చోబెట్టినారు. సగం విని కలం కింద పెట్టినారు. "బాబూ, పింఛను రాస్త, పాస్‌బుక్కు రాస్త, అన్నదమ్ముల పంచాయితీ రాస్త. గీ పిల్లగాండ్ల నిద్ర పంచాయితీ నాతోని కాదు. నువ్వే రాయి. పాయింట్లు వేసి రాయి. ఒక్కటి యాదుంచుకో, ఏడుపు మాత్రం రానియ్యకు. ఏడుపు కనవడ్డదంటే ఆఫీసరు కాయితం కిందికి తోస్తడు" అన్నారు. కావున పాయింట్లు వేసి రాయుచున్నాను. ఏడుపు సంగతి చేతనైనంత వరకు చూసుకుంటాను.

1. నేను ఎవరనగా: నేను సాంచెల నడుమ పుట్టి పెరిగినవాడను. సాంచె అనగా కరెంటుతో నడిచే మగ్గము. తమ కాగితాలలో మరమగ్గమని ఉంటుంది. మా బాపు బతుకంతా ఒకరి సాంచెలు నడిపినాడు. చదువు అయినంక నేనూ నడిపినాను. గిరాకి లేక మా ఆసామి సాంచెలన్నిటినీ పాత ఇనుము కింద తూకానికి అమ్ముకున్నాడు. లారీ పోయిన తర్వాత ఖాళీ షెడ్డులో నిలబడితే ఏదో పెద్ద తప్పు జరిగినట్టు అనిపించింది గాని, అదేమిటో అప్పుడు తెలియలేదు. తరువాత తెలిసింది. అది నాలుగవ అంశములో వస్తుంది.

అప్పుడే చిన్నపిల్లల టీచర్ల శిక్షణకు అప్రెంటిసులు కావలెనన్న ప్రకటన చూసితిని. ఏడాదిపాటు ఒక టీచరమ్మ పక్కన ఉండి పిల్లల నడుమనే పని నేర్చుకొనుట, నడుమ నడుమ కరీంనగర్‌లో తరగతులు, చివరన పిల్లలతోనే ప్రయోగ పరీక్ష. అది గట్టెక్కితే టీచరును అవుతాను. మగవారు చేయరాదని ప్రకటనలో ఎక్కడా లేదు. చేరిన దినం గుమాస్తా గారు నా వెనుకకు తొంగిచూసి "మరి మేడం ఏది?" అని అడిగినారు. భార్యను దించడానికి వచ్చిన వాడిననుకున్నారు. నాకింకా పెళ్ళి కాలేదని మనవి చేసుకున్నాను. ఇప్పటికీ కాలేదు. పిల్లలకు అన్నం తినిపించే పని అని చెప్తే సంబంధాలు రావడం కూడా ఆగిపోయినవి. అది వేరే అర్జీ.

2. వాడవారి అభ్యంతరము, దాని పరిష్కారము: నన్ను మొదట వ్యతిరేకించినది తమ కార్యాలయము కాదు, మా ఎదురింటి రామవ్వ. ఆమె మనుమరాలు నవ్యశ్రీ మా కేంద్రంలోనే ఉన్నది. మూడేండ్లు దాటిన పిల్ల. తండ్రి దుబాయిలో, తల్లి బీడీల కార్ఖానాలో. పిల్ల పెత్తనమంతా రామవ్వదే. నేను చేరిన దినం ఆమె కేంద్రం గడపలో నిలబడి వాడంతా వినబడేటట్టు అన్నది: "ఏందమ్మా గిది? మీసాలున్నోడు పోరగాండ్ల ముక్కులు తుడుస్తడా? ఆడోళ్ళ పని గీయన జేస్తే మగోళ్ళ పని ఎవలు జేస్తరు?"

అని ఊరుకోలేదు. చేతికర్ర పట్టుకొని వచ్చి రోజూ గడపలోనే కూర్చున్నది. ఆమె చూస్తుండగానే నేను ముక్కులు తుడిచినాను, గుడ్లు ఒలిచినాను, ఏనుగు పాటకు ఏనుగులాగా నడిచినాను. అయ్యా, మీసాలున్నవాడు వాడ ముసలవ్వ ముందర ఏనుగులాగా నడుచుట ఎంత కష్టమో ఏ పరీక్షలోను రాదు. ఒకనాడు నవ్యశ్రీ పాలు తాగి నా అంగీ మీద కక్కుకున్నది. నేను ముందు పిల్లను తుడిచి, నీళ్ళు తాగించి, ఒళ్ళో కూర్చోబెట్టుకొని, అంగీ సంగతి తర్వాత చూసుకున్నాను. రామవ్వ కర్ర పట్టుకొని లేచి వెళ్ళిపోయింది. మరునాడు రాలేదు. మా వాడలో సర్టిఫికెట్ ఇచ్చుట అనగా ఇదే.

అటు తర్వాత పిల్లలు నన్ను "మీసాల టీచర్" అని పిలిచినారు. నాకు ఆ పేరు ఉద్యోగం వచ్చినంత సంబురం.

3. నేర్చుకున్నది: నాకు పని నేర్పినది తిరుమల టీచరమ్మ. ఆమెది ఖానాపూర్ దిక్కు, వ్యవసాయం ఇల్లు. మా వాడకు కోడలై వచ్చింది. మొదట్లో పిల్ల ఏడిస్తే నేను ఉరికిపోయి "ఎందుకేడుస్తున్నవు బిడ్డా, ఎందుకు, ఎందుకు" అని అడిగేవాడిని. పిల్ల ఇంకా ఎక్కువ ఏడ్చేది. టీచరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది: "శ్యాం, ఎందుకేడుస్తున్నవని అడుగకు. పెద్దోళ్ళకే ఎర్కలేదు ఎందుకేడుస్తరో. పోయి దాని పక్కన కూసో. దాని ఎత్తుకు కూసో. జరసేపైతే అదే చెప్తది."

అయ్యా, ఈ ఒక్క మాటకు నేను జీవితాంతం ఆమెకు రుణపడి ఉంటాను. కొరికే పిల్లవానికి కోపం ఎక్కువ కాదు, మాటలు తక్కువ అని ఆమె దగ్గరే తెలిసింది. నిన్న చెప్పిన కథను నేడు ఒక్క మాట మార్చి చెప్తే పిల్లలు ఊరుకోరని తెలిసింది. అక్షరాలకన్నా ముందు పొత్తికడుపు పట్టుకొని నిలబడ్డ పిల్లను గుర్తుపట్టుట నేర్వవలెనని తెలిసింది. సాంచె నడిపినన్నాళ్ళు నేను పోతే నా స్థానంలో ఇంకొకరు నిలబడేవారు, సాంచెకు తెలిసేది కూడా కాదు. ఇక్కడ నేను ఒకనాడు రాకపోతే మరునాడు "ఎటు వోయినవ్?" అని పిల్లలు నిలదీస్తారు. ఆ ప్రశ్న కోసం నేను పొద్దున్నే తలదువ్వుకొని ఉరికేవాడిని.

4. పిల్లల నిద్ర చెడిపోయిన వైనము: మా కేంద్రం మొదట రెండు సాంచెల షెడ్ల నడుమ కిరాయి గదిలో ఉండేది. ఇరుకు, ఉక్కపోత, గోడలకు పెచ్చులు. కాని అన్నం తిన్నంక చాపలు పరిస్తే చాలు, పిల్లలు పరిచినచోటనే పండుకునేవారు. ఎండాకాలం సెలవులు అయినంక బైపాసు అవతలి కొత్త భవనానికి మారినాము. అయ్యా, కొత్త భవనానికి నేను వ్యతిరేకిని కాను. గాలి, వెలుతురు, గోడలకు సీతాకోకచిలుకలు, పిల్లల ఎత్తుకు నల్లాలు. అన్నీ ఉన్నవి. నిద్ర ఒక్కటే లేదు. చాప మీద పడుకోబెడితే ఒకరు లేచి కూర్చుంటారు, వాళ్ళను చూసి ఇంకొకరు, ఆ తర్వాత గది మొత్తం ఏడుపు. సాయంత్రం దాకా అదే. అన్నం సగమే తింటున్నారు, ఆటలో కొట్టుకుంటున్నారు.

దేవవ్వ గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. రామవ్వ "గా జాగల ఏదో ఉన్నది, పోరికి గాలి సోకింది" అని నవ్యశ్రీ చేతికి తాయెత్తు కట్టించింది. మిగతా తల్లులు కూడా కట్టించినారు. తిరుమల టీచరమ్మ గుడ్డు మధ్యాహ్నానికి బదులు పొద్దున పెట్టి చూసింది. నేను జోలపాట పాడితిని. దేవవ్వ వచ్చి "సారూ, నీ కాల్మొక్త, పిల్లలు ఏడుస్తేనే నయముంది" అన్నది.

ఆ దినాలలోనే కరీంనగర్‌లో తరగతులు పడినవి. హాస్టల్‌లో నాకు కంటిమీద కునుకు లేదు. పరీక్షల ఫికర్ అనుకున్నాను. ఒక మధ్యాహ్నం తరగతి గదిలో టకటక కొట్టుకునే పాత ఫ్యాను కింద నాకు చోటు దొరికింది. పసిపిల్లల ఎదుగుదలకు నిద్ర ఎంత అవసరమో మేడం గారు బోర్డు మీద రాసి చెప్తుండగానే నేను నిద్రపోయినాను. మధ్యలో కరెంటు పోయి ఫ్యాను ఆగింది. దిగ్గున లేచినాను. అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వినాను, కాని నా నవ్వు వేరే సంగతికి.

మా వాడలో పిల్లల తొట్టెల, అనగా ఊయల, సాంచె పక్కనే కడతారు. పుట్టిన దినం నుండి ఆ చప్పుడులోనే పండుకుంటారు. కరెంటు పోతే మా తల్లులు ముందు సాంచె దిక్కు చూడరు, తొట్టెల దగ్గరికి ఉరుకుతారు. ఎందుకంటే చప్పుడు ఆగిందంటే పిల్ల లేచినట్టే. ఇది మా వాడలో అందరికీ తెలుసు. తెలిసి కూడా కొత్త భవనంలో ఏమి తక్కువైందో ఒక్కరికీ తట్టలేదు. చప్పుడు అనేది మాకు లెక్కలోనే ఉండదు. ఆనాడు ఖాళీ షెడ్డులో నాకు తప్పుగా తోచినదీ ఆ చప్పుడు లేకపోవుటయే. అందరం కలిసి నిమ్మకాయలు కొన్నాము.

5. సందూక, నాడె: హనుమండ్లు గారు ఐదు పాయింట్లకు మించవద్దన్నారు. మించుచున్నది. నాడె అనగా సాంచెలో పోగును అటూ ఇటూ మోసుకపోయే కొయ్య. మా బాపుది పాతది ఒకటి ఇంట్లో ఉన్నది. దానిని తీసుకపోయి, పిల్లలను పడుకోబెట్టి, బొమ్మలు పెట్టే ఇనుప సందూక మీద సాంచె నడిచే తీరుగా కొట్టినాను. టక్కు టకా, టక్కు టకా. అయ్యా, నేను చెప్పినా తమరు నమ్మరు. కండ్లు ఒకటి వెంబడి ఒకటి మూతబడ్డవి. అందరికన్నా చివర నవ్యశ్రీ. ఆ పిల్ల లేచి వచ్చి సందూకకు చేయి ఆనించి, అక్కడే నిలబడి తూగి, నా మోకాలి మీద ఒరిగిపోయింది. దేవవ్వ తలుపు దగ్గర నిలబడి "నిమ్మకాయలు ఉత్తగనే ఖరాబు జేస్తిమి గదనే" అన్నది. తిరుమల టీచరమ్మ కండ్లు తుడుచుకున్నది. నేను మాత్రం కొట్టుట ఆపలేదు. ఆపితే లేస్తారు గదా.

6. నా తప్పు: ఉన్నది. దాచుకోను. టీచరమ్మ మరునాడే నాతో అన్నది: "శ్యాం, పండినరు, మంచిదే. కని గింత సప్పుడు పసి చెవులకు మంచిది కాదు. మీ బాపును జూసినవు గద." మా బాపుకు చెవులు వినబడవు. సాంచెలు తిన్నవి. ఆమె మాట నిజం. అందుకని ఇద్దరం అనుకొని, మెల్లమెల్లగా తగ్గించుటకు పూనుకున్నాము. మొదట ఇనుము, తర్వాత సందూక మీద చెక్క, ఆ తర్వాత చెక్క మీద మడతపెట్టిన దుప్పటి. చివరకు వట్టి అరచేయి. అటు తర్వాత ఏమీ అక్కరలేకుండా. దుప్పటి దాకా వచ్చినాము. ఇంకా కొన్నాళ్ళుంటే అరచేతికి వచ్చేవారము.

ఆ సమయానికి నూలు రాక వాడలో సాంచెలన్నీ ఆగిపోయినవి. ఇండ్లల్లో కూడా పిల్లలకు నిద్ర లేదు. ఎర్రటి కండ్లతో కేంద్రానికి వచ్చేవారు. ఆ దినం టీచరమ్మ మీటింగుకు పోయింది. దుప్పటి మీద కొడితే ఎవరూ పండుకోలేదు. నవ్యశ్రీ తల నేలకు కొట్టుకొని ఏడ్చింది. నాకు సహించలేదు. దుప్పటి తీసేసి, చెక్క తీసేసి, మళ్ళీ ఇనుము మీద కొట్టినాను. ఆ ఒక్క మధ్యాహ్నం ఓర్చుకొని దుప్పటి మీదనే ఉండవలసింది. పిల్లల ఏడుపుకు తట్టుకోలేక తొందరపడ్డాను. నేర్చుకునేవాడి తప్పు అది, ఒప్పుకుంటున్నాను. నేర్చుకొనుటకే గదా అప్రెంటిసును.

7. తనిఖీ జరిగిన తీరు: సరిగ్గా అప్పుడే పర్యవేక్షకురాలు శ్రీమతి నర్మద మేడం గారు తనిఖీకి వచ్చినారు. బయటికి చప్పుడు వినబడింది. కిటికీలోంచి చూసినారు. ఏమి కనబడి ఉంటుందో నేనే చెప్తాను. చీకటి చేసిన గది. నేల మీద పిల్లలు కదలకుండా పడి ఉన్నారు. మీసాలవాడు ఒకడు వాళ్ళ నడుమ కూర్చొని ఇనుము మీద కర్రతో కొడుతున్నాడు. ఆమె స్థానంలో నేనున్నా అరిచేవాడిని. ఆమె తలుపు తోసుకొని వచ్చి "ఆపు! ముందు అది ఆపు!" అన్నారు.

అయ్యా, నేను ఆపినాను. అదే కొంప ముంచింది. చప్పుడు ఆగంగనే పిల్లలందరూ ఒక్కసారి దిగ్గున లేచి ఏడుపందుకున్నారు. మేడం గారు పిల్లలను చూసినారు, నన్ను చూసినారు. ఇంక నేను ఏమి చెప్పినా ఆ ఏడుపులో వినబడలేదు. చెప్పడానికి రుజువు ఒక్కటే ఉన్నది, మళ్ళీ కొట్టుట. నాడె ఎత్తబోయినాను. మేడం గారు నా చేతిలోంచి గుంజుకున్నారు. దేవవ్వ అడ్డం వచ్చి "అమ్మా, సారును కొట్టనియ్యుండ్రి, పండుకుంటరు" అన్నది. ఆమె మేలు కోరి అన్న మాట మెమోలో రెండవ నేరమై కూర్చున్నది.

8. మెమోలోని నేరములకు జవాబులు:

అ) "నిద్రా సమయమున కఠోర శబ్దముతో పిల్లలను భయభ్రాంతులకు గురిచేసినాడు." జవాబు: భయపడ్డది నిజమే. చప్పుడు ఆగినందుకు భయపడ్డారు.

ఆ) "ఆయా సైతము బెదిరింపులకు లోబడి, పిల్లలను కొట్టనిమ్మని వేడుకొన్నది." జవాబు: దేవవ్వ ఇంతవరకు ఎవరికీ లోబడలేదు. కావలెనంటే ఆమె పెనిమిటిని విచారించవచ్చును.

ఇ) "ఒక బాలిక పరుగున వచ్చి పర్యవేక్షకురాలిని కరచుకొని రక్షణ కోరినది." జవాబు: ఆ బాలిక నవ్యశ్రీ. నిద్రలోంచి లేస్తే ఆ పిల్ల దగ్గర ఎవరుంటే వారినే కరచుకుంటుంది. అంతకుముందు గ్యాసు సిలిండరు తెచ్చిన మనిషిని కరచుకున్నది. ఆయన పాపం సిలిండరు దించలేక, పిల్లను దించలేక శానాసేపు నిలబడినాడు.

ఈ) "విచారణ ముగియువరకు ఇతడు కేంద్రపు పిల్లల గదిలోనికి రాకూడదు. కొట్టుటకు వీలైన ఏ వస్తువుతోను సదరు పిల్లల సమీపమునకు పోకూడదు." జవాబు: సదరు పిల్లలందరూ మా వాడలోనే ఉన్నారు. నేనూ మా వాడలోనే ఉన్నాను. నవ్యశ్రీది మా ఎదురిల్లు. పొద్దున లేచి తలుపు తీస్తే గడపలో నిలబడి "మీసాల టీచర్, ఎటు వోయినవ్?" అని అడుగుతుంది. నేను తలుపు వేసుకొంటున్నాను.

9. ఆ తర్వాత: నర్మద మేడం గారి దగ్గరికి పోయి చెప్పుకున్నాను. ఆమె చెడ్డ మనిషి కాదు. కూర్చోబెట్టి విన్నారు. "బాబూ, నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. కని నేను కండ్ల చూసింది రాసిన. చూడంది ఎట్ల రాయాలె? పైన సారుకు అర్జీ పెట్టుకో" అన్నారు. తిరుమల టీచరమ్మ కూడా వచ్చి నా తరఫున చెప్పింది. విచారణ ఎప్పుడని అడిగితే తేదీ రాలేదన్నారు. ప్రయోగ పరీక్ష తేదీ మాత్రం వచ్చింది. పిల్లల గదిలోనే జరుగు పరీక్షకు, పిల్లల గదిలోనికి రాకూడనివాడు ఎట్లా కూర్చుంటాడు? ఈసారి తప్పితే ఏడాదంతా నీళ్ళపాలు. వయసు దాటిపోతుంది గనుక మళ్ళీ నన్ను తీసుకోరు.

ఈ సంగతి బాపుకు చెప్పుట ఇంకొక పరేషాన్. ఆయనకు మెల్లగా చెప్తే వినబడదు. నలుగురికీ తెలియకూడని మాటను నేను వాకిట్లో నిలబడి "నన్ను తీసేసిండ్రు బాపూ!" అని అరవవలసి వచ్చింది. ఆయన "ఆఁ?" అన్నాడు. మళ్ళీ అరిచినాను. వాడలో సాంచెలు ఆగి ఉన్నందున చివరి ఇంటిదాకా వినబడింది. బాపు "సాంచెలు గూడ తీసేసిండ్రు, పిల్లల కాడికెళ్ళి గూడ తీసేసిండ్రు. ఇగ ఏడికి వోతవురా" అన్నాడు. మా మేనమామ మెట్‌పల్లి ఏజెంటుతో మాట్లాడి మస్కట్ వీసా చూసి పెట్టినాడు. గోదాములో పని. వచ్చే వారంలోగా ఔనో కాదో చెప్పాలె. మా వాడలో ఎంతోమంది పోయినారు, పోవుట సిగ్గు కాదు. కాని అయ్యా, నాకు ఇప్పుడు గోదాములో మూటలు మోయవలెనని లేదు. నాకు నేల మీద కూర్చోవలెనని ఉన్నది. పిల్లల ఎత్తుకు కూర్చోవలెనని ఉన్నది. ఇంత ఇష్టమైన పని నాకు ముందెప్పుడూ దొరకలేదు. ఇక ముందు దొరుకుతుందని నమ్మకమూ లేదు.

దేవవ్వ రోజూ సాయంత్రం మా ఇంటి ముందు నుండే పోతుంది. నిన్న ఆగి చెప్పింది: "నవ్యశ్రీ సందూక కాడికి వోయి చెవి ఆనిచ్చి పంటుంది సారూ. సప్పుడు లేదు గద, మళ్ళ లేస్తది. మళ్ళ ఆనిస్తది." ఇది రాసినంక నేను కొంతసేపు బయటికి పోయి వచ్చినాను. హనుమండ్లు గారి మాట తప్పినందుకు క్షమించవలెను.

10. ప్రార్థన: కావున అయ్యగారు దయతలచి నా మీది ఉత్తర్వును ఎత్తివేయవలెను. అది కుదరనిచో బుధవారం ఒక్క దినం నన్ను ఆ గదిలోనికి పోనిచ్చి, ఎదురుగా తమరైనా, నర్మద మేడం గారైనా కూర్చొని చూడవలెను. ఇనుము మీద కొట్టను. దుప్పటి మీదనే కొడతాను. పిల్లలు పండుకోకపోతే అక్కడికక్కడే నన్ను ఫెయిలు చేయవచ్చును. మస్కట్ పోతాను, మళ్ళీ తమ కార్యాలయము మెట్లెక్కను.

అయ్యా, నేను ఎందుకింత పోరుతున్నానని తమరు అడగవచ్చు. నేను సరిగ్గా చెప్పలేకపోతున్నాను. ఇంత రాసినా చెప్పలేకపోయినాను. మా టీచరమ్మ చెప్పినట్టు, ఎందుకు అని అడగకుండా ఒక మధ్యాహ్నం వచ్చి నా పక్కన కూర్చోండి. చాప నేనే పరుస్తాను.

ఈ మనవిని చిత్తగించవలెను. చిత్తగించుట బుధవారంలోపల జరుగవలెను.

తమ విధేయుడు,
ఆడెపు శ్యాంసుందర్
మీసాల టీచర్ అని పిలువబడువాడు

తాజా కలము: నేడు ఆదివారం. రేపు కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకొను ప్రజావాణిలో ఇచ్చుటకు పై అర్జీని సాఫు చేసి సంతకం పెట్టినాను. మొన్ననే నూలు వచ్చి సాంచెలు మళ్ళీ నడుచుచున్నవి. మధ్యాహ్నం అన్నాలు తిని పిల్లలు పండుకున్న వేళ ఇప్పుడే కరెంటు పోయినది.

వాడంతా ఒక్కసారి ఆగింది. ఆగిన వెంటనే మొదలైంది అయ్యా. ముందు మా ఎడమ పక్క ఇల్లు, ఆ తర్వాత మూల మీది ఇల్లు. ఇప్పుడు నవ్యశ్రీ. ఆ ఏడుపు నాకు తెలుసు. తమరు ఇక్కడ ఉంటే బాగుండును. విచారణ అక్కరలేకపోవును.

రామవ్వ వాకిట్లోకి వచ్చి అరుస్తున్నది. "ఓ మీసాల సారూ! కరెంటు వోయింది, పోరి లేచింది. నాతోని అయితలేదు, జర రాయ్యా!" తమ ఉత్తర్వు ప్రకారం నేను రాకూడదని ఇక్కడినుండే చెప్పినాను. "ఎవలయ్యా గా ఉత్తర్వు ఇచ్చింది? ఆయననే పంపు, వచ్చి పండవెడ్తడు!" అంటున్నది. మేలు కోరే అంటున్నది, దీనిని నేరముగా వ్రాసుకొనవద్దని మనవి.

అయ్యా, ఆ పిల్ల నా పేరు పట్టి పిలుస్తున్నది. ఇంక ఇక్కడ కూర్చొని రాయుట నాతోని అయితలేదు. నేను పోతున్నాను. నాడె మేడం గారి దగ్గరనే ఉన్నది. బియ్యం డబ్బా ఉన్నది గాని దానిని కూడా ముట్టుకోను. కొట్టుటకు వీలైన ఏ వస్తువూ తీసుకపోవుటలేదు. ఇనుము లేదు, చెక్క లేదు, దుప్పటి లేదు. ఆ పిల్ల చాప పక్కన కూర్చొని నేల మీద మెల్లగా కొడతాను, వట్టి అరచేత్తో. అరచేయి తమ ఉత్తర్వులో లేదు.